కణాల సీనియారిటీ

ఉద్యోగి ఒంటి మీది చర్మం రాలిపోవడం ఇకమీదట అతని సొంత వ్యవహారం కాదు. మనిషి నిద్రలోనూ, నడకలోనూ, తువ్వాలుతో వీపు తుడుచుకునే వేళలోనూ తనకు తెలియకుండానే వేలకొద్దీ కణాలను లోకానికి వదిలేస్తుంటాడనీ, నెల తిరిగేసరికి పైచర్మమంతా కొత్తదై కూర్చుంటుందనీ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. కానీ వారిలో ఒక్కరికీ ఇదొక పరిపాలనా సమస్య అని తోచలేదు. ఆ లోపాన్ని సవరించిన ఘనత ప్రాంతీయ కళాశాలల పరిశీలన కార్యాలయపు సంయుక్త సంచాలకులు శ్రీ గుండిమెడ పరాంకుశరావు గారికి దక్కింది.

పరాంకుశరావు గారు 'పరిపాలనలో శాస్త్రీయ దృక్పథం' అనే మూడు రోజుల శిక్షణకు రాజధానికి వెళ్లారు. మొదటి రోజు దృక్పథం గురించీ, మూడో రోజు పరిపాలన గురించీ, మధ్యరోజు గత్యంతరం లేక శాస్త్రం గురించీ ఉపన్యాసాలు జరిగాయి. ఆ మధ్యరోజున ఒక ఆచార్యుడు జీవకణాన్ని గోడంత తెర మీద చూపించి, పొట్టలోపలి పొర కణాలు అయిదారు రోజులకూ, ఎర్ర రక్తకణాలు నూట ఇరవై రోజులకూ, ఎముకలు సుమారు పదేళ్లకూ మారిపోతూ ఉంటాయని వివరించాడు. తక్కినవారు రాసుకున్నారు. పరాంకుశరావు గారు ఆలోచించారు. అనర్థం అక్కడ మొదలైంది.

తిరిగి వచ్చిన ఉదయం ఆయన బల్ల మీద ఒక ఫైలు సంతకం కోసం కనిపెట్టుకుని ఉంది. అది ప్రభుత్వ కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో తాత్కాలిక సహాయకురాలిగా పనిచేస్తున్న అప్పలనరసమ్మది. ఉల్లిపాయ పొరలు ఒలిచి, గాజుపలకల మీద పరిచి, రంగులద్ది, విద్యార్థుల సూక్ష్మదర్శినుల కింద పెట్టడం ఆవిడ పని. అంతరాయం లేకుండా ఇరవై ఏళ్లు పనిచేసిన తాత్కాలిక సిబ్బందిని శాశ్వతం చేసే పథకం ఆ నెలాఖరుతో ముగిసిపోతుంది. ఆవిడకు ఇరవై ఏళ్లూ పూర్తయ్యాయి. పై నెలతో వయోపరిమితి కూడా పూర్తవుతుంది. అంటే సంతకం ఈ నెలలో పడాలి, లేకపోతే ఆవిడ ఎప్పటికీ తాత్కాలికంగానే మిగిలి, అలాగే ఇంటికి పోవాలి.

పరాంకుశరావు గారు కలం మూత తీశారు. తన చేతివేళ్ల వంక చూసుకున్నారు. మూత పెట్టేశారు. ఫైలు మీద ఇలా రాశారు: "ఇరువది సంవత్సరముల క్రితము విధులయందు చేరిన శరీరమునకును, ప్రస్తుతము దరఖాస్తు చేసుకొనిన శరీరమునకును నడుమ గల సంబంధమును నిరూపించు ఆధారములేవియు ఈ ఫైలునందు కానరావు. మాట్లాడుడు."

మాట్లాడవలసిన వ్యక్తి సూపరింటెండెంటు కంచర్ల సుందరశివం గారు. ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నారు. ఏ ఫైలునూ కాదన్న అపఖ్యాతి గానీ, ఔనన్న అపఖ్యాతి గానీ ఆయనకు లేదు.

"సార్, ఆ నరసమ్మ నాకు తెలుసండి. చేరిననాడు నేనే రాయించుకున్నాను. అదే మనిషండి," అన్నారు సుందరశివం గారు.

"ఏది అదే? చర్మమా?"

"కాదండి."

"రక్తమా?"

సుందరశివం గారు శిక్షణకు వెళ్లిన మనిషి కాదు. అయినా గాలివాలు గ్రహించారు. "రక్తం కూడా కాదేమోనండి."

"ఆ లెక్కన ఆవిడ రక్తం అరవైసార్లు విధుల నుంచి తప్పుకుంది. ఒక్కసారైనా సెలవు చీటీ పెట్టిందా? దీన్ని అంతరాయం లేని సేవ అని నేను సంతకం పెడితే రేపు ఆడిట్ వాళ్లు నన్నడుగుతారు."

అప్పలనరసమ్మకు కబురు వెళ్లింది. ఉల్లిపాయ వాసనతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. విషయాన్ని సుందరశివం గారు తనకు అర్థమైనంత మేరకూ, అర్థంకాని చోట మరింత గంభీరంగానూ విప్పి చెప్పారు.

"అయితే నాను నాను కానంటారేటండీ బావూ?" అంది అప్పలనరసమ్మ.

"కావని అనలేదమ్మా. ఔనని కాగితం లేదంటున్నారు."

"మరి మీరు నరసమ్మని రమ్మన్నారు. నానొచ్చీసేను. నాను కాకపోతే ఎవులొచ్చేరండీ?"

"పిలిస్తే రావడం వేరు, నిరంతరత్వం వేరు," అన్నారు పరాంకుశరావు గారు. "నీ శరీరంలో కణాలన్నీ మారిపోతూ ఉంటాయి. కణమంటే తెలుసా?"

"ఇరవయ్యేళ్ల బట్టీ ఉల్లిపొరలో అయ్యే సూపిస్తన్నాను బావూ పిల్లలకి. ఇటుకల గోడలాగుంతాది. మజ్జిలో సుక్క." ఆమె కాస్త ఆగింది. "ఉల్లిపాయి పైపొర ఒలిసీసి సంతలో ఎట్టేననుకోండి. ఇది ఉల్లిపాయి కాదని ఎవులైనా అంతారేటి?"

"సంతకు సర్వీసు నిబంధనలు వర్తించవు," అన్నారాయన. మాట ముగిసింది.

వారం లోపల వర్తులం, అంటే సర్క్యులరు, వెలువడింది. ఒక్క అప్పలనరసమ్మకే ఈ పరీక్ష పెడితే వివక్ష అవుతుందని న్యాయసలహా వచ్చినందువల్ల, ప్రాంతంలోని మూడు వందల పన్నెండుమంది సిబ్బందికీ దాన్ని సమానంగా విస్తరించారు. పొట్టలోపలి పొర ఇకపై దినసరి తరహా సిబ్బంది అనీ, చర్మం నెలవారీ అనీ, రక్తం నాలుగు నెలల ఒప్పందం మీద పనిచేసేదనీ, ఎముకలు మాత్రమే దీర్ఘకాలిక సిబ్బందిగా పరిగణించదగినవనీ అనుబంధంలో ఉంది. ప్రతి ఉద్యోగీ నూట ఇరవై రోజులకొకసారి కొత్తగా చేరిక నివేదిక సమర్పించాలి. హాజరు యంత్రం మాత్రం రోజూ ఉదయం అవే వేలిముద్రలను గుర్తుపడుతూనే ఉంది. అయితే యంత్రానికి జీవశాస్త్రం తెలియదన్న కారణంగా దాని సాక్ష్యాన్ని తోసిపుచ్చారు.

ఏ సంస్కరణ ఫలమైనా ముందుగా అందుకునేవారు కొందరుంటారు. విధివేళల్లో బల్ల మీద తలపెట్టి నిద్రపోయినందుకు ఎనిమిది నెలల క్రితం అభియోగపత్రం అందుకున్న సీనియర్ అసిస్టెంటు గంగునాయుడు ఇన్నాళ్లకు జవాబు రాశాడు. నిద్రించిన చర్మము, నిద్రించిన రక్తము, నిద్రకు కారణమైన భోజనమును స్వీకరించిన పొట్టపొర, ఈ మూడూ ప్రస్తుతం సర్వీసులో లేవనీ, వాటి తప్పుకు తనను శిక్షించడం సహజన్యాయానికి విరుద్ధమనీ విన్నవించుకున్నాడు. అభియోగం ఎత్తేశారు. ఆ మధ్యాహ్నం అతను, రుజువైన నిర్దోషిగా, మళ్లీ నిద్రపోయాడు.

అప్పలనరసమ్మ మాత్రం రోజూ పని ముగించుకుని కార్యాలయానికి వచ్చి, వరండా బల్ల మీద కూర్చుని, చీకటిపడేముందు లేచి వెళ్లేది. నెలలో పద్దెనిమిది రోజులు గడిచాయి. ఆమె పక్షాన మాట్లాడేందుకు వృక్షశాస్త్ర శాఖాధిపతి డాక్టర్ జోశ్యుల అరుంధతి గారు వచ్చారు. ఆవిడను 'విషయ నిపుణురాలు' అన్న హోదాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

"కణాలు మారడం నిజమేనండీ," అన్నారు అరుంధతి గారు. "కానీ కొత్త కణం ఆకాశం నుంచి ఊడిపడదు. పాత కణమే రెండుగా చీలుతుంది. చీలేముందు తనలోని సమాచారమంతా నకలు తీసి ఇస్తుంది. అందుకే మనిషి మనిషిగానే ఉంటాడు."

పరాంకుశరావు గారు ముందుకు వంగారు. ఇది ఆయనకు తెలిసిన రంగం. "అంటే చార్జి అప్పగిస్తుంది."

"అలాగే అనుకోండి."

"అప్పగింత జాబితా ఉంటుందా?"

"ఉంటుంది. దాన్నే మేం డీఎన్ఏ అంటాం."

"దాని మీద ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు పెడతారా?"

అరుంధతి గారు కాఫీ కప్పు కింద పెట్టారు. ఇరవై అయిదేళ్ల బోధనలో ఆవిడను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "పెట్టవండీ," అని ఒప్పుకున్నారు.

"చూశారా," అన్నారు పరాంకుశరావు గారు. ఆయన గొంతులో విజయం కన్నా విచారమే ఎక్కువగా ఉంది. సృష్టి మొదలైన నాటి నుంచీ ఇంత ముఖ్యమైన బదిలీలు సంతకాలు లేకుండా జరిగిపోతున్నందుకు ఆయన నిజంగానే బాధపడ్డారు.

"పోనీ, అన్నీ మారవండీ," అన్నారు అరుంధతి గారు, అప్పలనరసమ్మను తలుచుకుని. "మెదడులో నాడీకణాలు చాలావరకు జీవితాంతం ఉంటాయి. కంటి కటకం నడిభాగం పుట్టకముందు ఏర్పడిందే. పంటి మీది పింగాణీ పొర కూడా ఒకసారి వచ్చిందంటే మారదు."

దయతో అన్న మాట అది. మర్నాటికి అది ఉత్తర్వయింది. మెదడు తెరవడానికి నిధులు లేవు. కంటి నడిభాగానికి చేరే దారి కార్యాలయానికి తెలియదు. పళ్లు అయితే నోరు తెరిస్తే కనబడతాయి. సమావేశమందిరంలో దంత నిరంతరత్వ శిబిరం జరిగింది. ముప్ఫైరెండు పళ్లూ చెక్కుచెదరని ఇద్దరు కొత్త టైపిస్టులు సీనియారిటీ జాబితాలో అగ్రస్థానానికి ఎగబాకారు. కట్టుడుపళ్ల ప్రిన్సిపాళ్లు నలుగురు నిన్నగాక మొన్న చేరినవారయ్యారు. సిమెంటు నింపిన పళ్లను పొరుగుసేవల సిబ్బందిగా చూపారు. ఉద్యోగంలో చేరాక మొలిచిన జ్ఞానదంతాలు మంజూరు కాని పోస్టులనీ, వాటిని ఎవరి అనుమతితో భర్తీ చేసుకున్నారో సంజాయిషీ ఇవ్వాలనీ పదకొండుమందికి తాఖీదులు వెళ్లాయి.

అప్పలనరసమ్మ నోట్లో ఇరవైరెండు పళ్లు లెక్కకు వచ్చాయి, చుట్ట పొగతో నల్లబడినవి. "ఆవిడ చేరిననాడు ఎన్ని?" అని పరాంకుశరావు గారు అడిగారు.

"అప్పుడు ఎవులు లెక్కెట్టేరు బావూ," అంది నోరు మూసుకుంటూ.

నిజమే. చేరిననాటి పళ్ల వివరం ఎవరి సర్వీసు రిజిస్టరులోనూ లేదు. పోల్చి చూడడానికి పాత లెక్క లేనందువల్ల మూడు వందల పన్నెండు నోళ్లూ నిరుపయోగంగా తెరిచినట్టు తేలింది. శిబిరం నివేదికను తదుపరి చర్య నిమిత్తం భద్రపరిచారు.

ఈ దశలో సుందరశివం గారు, నాలుగు రోజుల్లో నెల ముగుస్తుందన్న జాలితోనో, ఇంకోసారి నోరు తెరవవలసి వస్తుందన్న భయంతోనో, ఒక మాట అన్నారు. "సార్, చేరిననాటి శరీరం గురించి రిజిస్టరులో ఒక్కటే రాస్తామండి. గుర్తింపు చిహ్నం. పుట్టుమచ్చ."

అరుంధతి గారికి ఫోను చేశారు. పుట్టుమచ్చలోని కణాలు కొంతకాలం పెరిగి, ఆ తర్వాత విభజన ఆపేసి, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయని ఆవిడ చెప్పారు. పరాంకుశరావు గారు ఫోను పెట్టేశారు. కొత్త పని దేన్నీ నెత్తిన వేసుకోక, తనలాంటి మరొకరికి చోటివ్వక, వేసిన చోటనే దశాబ్దాల పాటు కదలకుండా కూర్చునే కణం. శరీరమంతటిలోనూ సర్వీసు నిబంధనలను అక్షరాలా పాటిస్తున్నది అదొక్కటే అని ఆయనకు తోచింది.

"ఆవిడ రిజిస్టరు తెప్పించండి," అన్నారు.

రిజిస్టరు వచ్చింది. మొదటి పేజీలో స్పష్టంగా ఉంది: గుర్తింపు చిహ్నము ఒకటి, కుడి ముంజేతి బయటి అంచున మినపగింజ పరిమాణము గల పుట్టుమచ్చ. చిహ్నము రెండు, పైన చెప్పబడినదే.

అప్పలనరసమ్మ కుడిచెయ్యి చాచింది. ఉల్లిరసానికి పగిలిన వేళ్లు, కత్తిగాట్లు రెండు, రంగు మరకలు మూడు. మచ్చ లేదు. ఎడమచెయ్యి కూడా చాచమన్నారు, ఉదారంగా. అక్కడా లేదు.

"అయితే ఇదీ సంగతి," అన్నారు పరాంకుశరావు గారు నెమ్మదిగా. "పోయింది చర్మం మాత్రమే కాదన్నమాట. ఇరవై ఏళ్ల క్రితం చేరిన అప్పలనరసమ్మ వేరు."

ఆమె మొహం పాలిపోయింది. మొదటిసారిగా ఆమె గొంతు తగ్గింది. "బావూ, నాకు ఎప్పుడూ మచ్చ నేదు. పుట్టినకాణ్ణించీ నేదు. నేని మచ్చ ఎవులు రాసేరండీ?"

అందరూ ఆ పేజీ కింద ఉన్న చిన్న సంతకం వంక చూశారు. అది అప్పటి జూనియర్ అసిస్టెంటు సుందరశివం గారిది.

"సార్," అన్నారు సుందరశివం గారు. చెమట తుడుచుకున్నారు. "ఆడవాళ్ల చేతులు పట్టుకుని మచ్చలు వెతకడం మర్యాద కాదు కదండి."

"మరి మగవాళ్లవి వెతికారా?"

"వాళ్లవి వెతికితే ఆడవాళ్లకి తేడా చూపినట్టవుతుందని మానేశానండి."

"అయితే ఈ మచ్చ ఎక్కడిది?"

సుందరశివం గారు చొక్కా కుడిచేతిని రెండు మడతలు పైకి తోసి, ముంజేయి బల్ల మీద పెట్టారు. చిటికెనవేలి వైపు అంచున, మినపగింజంత, నల్లగా, గుండ్రంగా ఉంది మచ్చ. "రాసేటప్పుడు కళ్లెదురుగా ఇదే కనపడేదండి. ఎప్పుడు చూసినా ఉండేది. నమ్మకంగా రాయొచ్చనిపించింది."

రిజిస్టర్లన్నీ దింపారు. రెండు గంటల్లో తేలిందేమంటే, గత ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ప్రాంతంలో చేరిన ప్రిన్సిపాళ్లూ, అధ్యాపకులూ, టైపిస్టులూ, తోటమాలులూ, మొత్తం మూడు వందల పన్నెండుమందీ ఒకే మచ్చతో ఉద్యోగం చేస్తున్నారు. చివరి కట్టలో ఇరవై మూడేళ్ల క్రితం జూనియర్ లెక్చరరుగా చేరిన ఒక గుండిమెడ పరాంకుశరావు రిజిస్టరు కూడా ఉంది. సంచాలకులు తలుపు వేయించి, చొక్కా చేతులు రెండూ పైకి తోసుకుని చూసుకున్నారు. వెలుతురుకు తిప్పి చూసుకున్నారు. తర్వాత కిందికి లాక్కుని బొత్తాలు పెట్టుకున్నారు.

తన వర్తులం ప్రకారం ఆయన ఆయన కారు. ఆయన ఆయన కాకపోతే వర్తులం వర్తులం కాదు. కానీ ఆ మాట ప్రకటించే అధికారం ఆయనకు తప్ప ఎవరికీ లేదు.

అప్పలనరసమ్మ సుందరశివం గారి ముంజేతి వంక కాసేపు చూసింది. ఏదో అనబోయి మానుకుని, వేరే మాట అంది. "బావూ, నాకు సదువు నేదు. ఒక ముక్క సెప్పమంటారేటి?"

"చెప్పు."

"ఆ మచ్చని అందరి మచ్చా అనీసుకోండి. అందరి బుక్కుల్లోనూ ఉన్నాది కదా. ఆ బావు ఇరవయ్యెనిమిదేళ్ల బట్టీ కుర్సీలోంచి కదిలింది నేదు. ఆ మచ్చ కదల్నేదంటే మనం ఎవులమూ కదల్నేదనే కదండీ."

పరాంకుశరావు గారు తలెత్తారు. ఆయన కళ్లలో మళ్లీ ప్రాణం కనిపించింది. భావించబడుట అన్న ప్రక్రియను ఆయన ఇంతవరకూ మరిచిపోయారు. లేనిదాన్ని ఉన్నట్టు భావించడం ప్రభుత్వానికి కొత్త కాదు. అక్కడికక్కడే చిత్తుప్రతి చెప్పారు: "సూపరింటెండెంటు వారి కుడి ముంజేతియందలి పుట్టుమచ్చ ఈ ప్రాంతమునందలి సిబ్బంది యావన్మంది తరఫున నిరంతర సేవయందు కొనసాగుచున్నట్లు భావించబడును. అయితే సదరు మచ్చయందు సజీవకణములు గలవని సూక్ష్మదర్శిని ద్వారా ధ్రువీకరించవలెను."

"ధ్రువీకరణ ఈవేళే జరగాలి," అన్నారు. "అమ్మా, నువ్వే కదా ఆ పని చేసేది. సామాను తెచ్చుకో."

అప్పలనరసమ్మ కదల్లేదు. "తెస్తాను బావూ. తాత్కాలికం మనిసి సేసిన పరీచ్చ సెల్లదని రేపు ఆడిట్టోళ్లు అంతారేమో. ముందు నా ఆర్డరు ఇచ్చీండి."

ఇరవై ఏళ్లలో ఆ కార్యాలయంలో ఎవరూ అంత పకడ్బందీగా మాట్లాడి ఉండరు. పరాంకుశరావు గారు ఒక్క క్షణం ఆమెను గౌరవంగా చూశారు. పరీక్షాఫలితం తదనంతరం జతపరచబడును అని అంచున రాసి, అప్పలనరసమ్మను ప్రయోగశాల సహాయకురాలిగా శాశ్వతం చేస్తూ సంతకం పెట్టారు. ఉత్తర్వుకు నంబరు పడింది. డిస్పాచి పుస్తకంలో ఎక్కింది. అప్పలనరసమ్మ వేలిముద్ర వేసి ప్రతి అందుకుని, నాలుగు మడతలు పెట్టి, పొగాకు సంచిలో దోపుకుంది.

సాయంత్రానికి అరుంధతి గారు సూక్ష్మదర్శినితో వచ్చారు. సుందరశివం గారు మూడు వందల పన్నెండుమంది జీవితాలను మోస్తున్న మనిషికి తగిన గాంభీర్యంతో కుర్చీలో కూర్చుని చెయ్యి చాచారు. సిబ్బంది కిటికీల దగ్గర గుమిగూడారు. గంగునాయుడు సైతం లేచి వచ్చాడు. పరాంకుశరావు గారు, తెలిసో తెలియకో, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పలనరసమ్మ పద్ధతి తప్పే మనిషి కాదు. గీకేముందు ఆ చోటు శుభ్రం చేయాలి. స్పిరిట్‌లో దూది ముంచి, మచ్చ మీద ఒక్కసారి గుండ్రంగా తిప్పింది.

దూదికి ఊదారంగు అంటుకుంది. ముంజేయి నున్నగా మిగిలింది.

సుందరశివం గారి బల్ల మీద స్టాంపు ప్యాడు ఎప్పుడూ కుడివైపునే ఉంటుంది.